గ్రహణం మొర్రికి ఒక తేదీ ఉంది

గ్రహణం పట్టే రోజు కడుపుతో ఉన్న ఆడపిల్లను గది దాటనివ్వని ఇళ్ళు కావలి, కందుకూరు, కనిగిరి వైపు ఇప్పటికీ ఉన్నాయి. కత్తిపీట ముట్టుకోకూడదు, గోళ్ళు తీసుకోకూడదు, కాళ్ళూ చేతులూ ముడవకుండా వెల్లకిలా పడుకోవాలి, గ్రహణం విడిచేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా తాగకూడదు. ఇందులో ఏది తప్పినా బిడ్డ పెదవి చీలి పుడుతుందని భయం. ఆ భయం భాషలోకే ఎక్కింది. ఆ చీలికకు తెలుగులో ఉన్న పేరే గ్రహణం మొర్రి.

నెల్లూరులోనో ఒంగోలులోనో ఎంబీబీఎస్ మొదటి ఏడాదిలో చేరే పిల్లలకు ఈ మాట ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. అనాటమీ క్లాసులో క్లెఫ్ట్ లిప్ అని విన్నప్పుడు మాత్రం అదేదో వేరే లోకపు సంగతిలా నోట్సులోకి ఎక్కుతుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఎంబ్రియాలజీ, అంటే పిండశాస్త్రం, అసలు ఏం చేస్తుందో తేలిగ్గా పట్టుబడుతుంది. అది ముందుగా ఒక తేదీ అడుగుతుంది. పెదవి ఏ రోజున కలుస్తుంది?

నాలుగో వారం చివరికి కూడా పిండానికి ముఖమంటూ ఉండదు. నోరు రావలసిన గుంట చుట్టూ ఐదు మొగ్గలు ఉంటాయి: నుదురు వైపు ఒకటి, పై దవడకు రెండు, కింది దవడకు రెండు. నుదుటి మొగ్గ కిందిభాగంలో రెండు పక్కలా ముక్కు గుంటలు పడి, ప్రతి గుంటకూ లోపలి అంచు, బయటి అంచు లేస్తాయి. పై దవడ మొగ్గలు రెండు వైపుల నుంచీ మధ్యకు పెరిగి, ముక్కు గుంటల లోపలి అంచులను తాకుతాయి. తాకితే సరిపోదు. తాకిన చోట రెండు వైపులా ఉన్న పైపొర కణాలు తొలగిపోవాలి. కొన్ని చచ్చిపోతాయి, కొన్ని పక్కకు జరిగిపోతాయి. అప్పుడే లోపలి కణజాలం ఒకటవుతుంది. గోడకు గోడ ఆనించి కట్టిన రెండు ఇళ్ళను ఒక్క ఇల్లు చెయ్యాలంటే మధ్య గోడలు పడగొట్టాల్సిందే కదా. ఇదంతా ఏడో వారం ముగిసేసరికి అయిపోతుంది. మొగ్గ సమయానికి చేరకపోయినా, చేరాక గోడ పోకపోయినా చీలిక మిగులుతుంది.

అంగిలిది ఇంకొంచెం ఆలస్యం. అంగిలి కావలసిన రెండు పలకలు మొదట నాలుకకు అటూ ఇటూ నిలువుగా వేలాడుతుంటాయి. నాలుక కిందికి దిగాక అవి పైకి లేచి, అడ్డంగా తిరిగి, మధ్యలో కలుస్తాయి. ఆడపిండంలో ఈ కలయిక మగపిండం కన్నా సుమారు ఒక వారం ఆలస్యం. పెదవి బాగుండి అంగిలి మాత్రమే చీలిన పిల్లల్లో ఆడపిల్లలు ఎక్కువగా కనిపించడానికి దీన్నే కారణంగా చెబుతారు. తలుపు ఒక వారం ఎక్కువసేపు తెరిచి ఉంటే, లోపలికి ఏదో దూరే అవకాశమూ అంత ఎక్కువే.

ఇప్పుడు గ్రహణం సంగతి. నెల తప్పిన ఐదు వారాలకల్లా పెదవి పని ముగిసింది. ఐదో నెలలో పట్టిన గ్రహణం, ఆ రోజు తరిగిన వంకాయ, అప్పటికే అతుక్కున్న పెదవిని మళ్ళీ చీల్చలేవు. చీల్చగలిగినవి వేరే ఉన్నాయి. మూర్ఛకు వాడే కొన్ని మందులు, పొగతాగడం, అదుపులో లేని షుగరు, ఇంట్లో ఇంతకుముందే ఎవరికైనా మొర్రి ఉండటం. ఇవి కూడా ఆ కొద్ది వారాల్లోనే పని చేస్తాయి. నిజానికి గ్రహణం నాడు గర్భిణికి జరిగే హాని ఏదైనా ఉంటే అది ఆకాశంలోంచి వచ్చేది కాదు, గంటల తరబడి నీళ్ళు కూడా ఇవ్వకుండా పడుకోబెట్టడం వల్ల వచ్చేది.

ఎంబ్రియాలజీ కష్టమనే పేరు రావడానికి సగం కారణం దాన్ని పేర్ల జాబితాగా చదవడం. పరీక్ష ముందురోజు రాత్రి బట్టీ పట్టిన పేర్లు థియరీ పేపరు అవగానే ఎగిరిపోతాయి. ప్రతి పేరు దగ్గరా రెండు ప్రశ్నలు వేసుకుంటే కథ మారుతుంది: ఇది ఏ రోజున? ఆ రోజున కణం ఏం చేస్తోంది? రెండో ప్రశ్నకు జవాబులు చాలా తక్కువ. కణానికి వచ్చిన పనులు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. విడిపోతుంది, పక్కదాన్ని పట్టుకుంటుంది, వదిలేస్తుంది, ఆకారం మార్చుకుంటుంది, నడుస్తుంది, ఏదో ఒకటి తయారుచేసి బయటికి వదులుతుంది, చచ్చిపోతుంది. మనిషి మొత్తం ఈ కాసిని పనులతోనే తయారవుతాడు.

తేదీ దగ్గర ఒక తిరకాసు ఉంది, దాన్ని మొదట్లోనే తేల్చుకోవాలి. ఏఎన్ఎం రాసే కార్డులో, స్కాన్ రిపోర్టులో ఉండే వారాలు చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్క. ఎంబ్రియాలజీ పుస్తకంలోవి ఫలదీకరణ నుంచి లెక్క. రెండింటికీ రెండు వారాలు తేడా. కార్డులో 8 వారాలంటే పిండం వయసు 6 వారాలే. ఒక లెక్కలో 280 రోజుల గర్భం ఇంకో లెక్కలో 266 రోజులు. వార్డులో వైవా, అంటే నోటి పరీక్ష, జరిగేటప్పుడు చాలామంది తడబడేది ఇక్కడే, చదవక కాదు. ఈ వ్యాసంలో పెదవికి చెప్పిన ఏడు వారాలు పుస్తకం లెక్క; ఆస్పత్రి లెక్కలో అవి తొమ్మిది.

మొదటి వారంలో పిండం పెరగదు. ఇది వినగానే తప్పనిపిస్తుంది గానీ నిజం. సుమారు 0.1 మిల్లీమీటరు ఉండే అండం, జోనా పెల్లుసిడా అనే పెంకులాంటి పొరలో ఉండే విడిపోతుంది. రెండు, నాలుగు, ఎనిమిది. బెల్లం అచ్చును ముక్కలు కొట్టినట్టు ముక్కల లెక్క పెరుగుతుంది, బెల్లం పెరగదు. ఎనిమిది కణాల దశ దాటాక కణాలు ఈ-క్యాడ్‌హెరిన్ అనే ప్రొటీన్‌తో ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ముద్దలా బిగుసుకుంటాయి. బిగుసుకోగానే కొన్ని కణాలు లోపల, కొన్ని బయట పడతాయి. ఆ క్షణం దాకా ఏ కణానికీ ఇదీ నీ పని అని రాసిపెట్టి లేదు. బయట పడ్డవి మాయ (ప్లాసెంటా) వైపు వెళ్తాయి, లోపల పడ్డవి బిడ్డ వైపు. కణం ఎవరి సంతానమన్నది కాదు, ఎక్కడ నిలబడిందన్నది దాని బతుకును తేలుస్తుంది. బయటి కణాలు సోడియాన్ని లోపలికి తోడతాయి, దాని వెంట నీరు వస్తుంది, ముద్ద మధ్యలో గది ఏర్పడుతుంది. ఐదో రోజుకు అది బ్లాస్టోసిస్ట్. ఫిజియాలజీలో చదివిన సోడియం పంపు ఇక్కడ పిండం లోపల గది కడుతోంది.

ఈ దశ ఒంగోలు జాతికి బాగా పరిచయం. పందొమ్మిదో శతాబ్దంలో ఓడలెక్కి బ్రెజిల్ వెళ్ళిన మన పశువుల సంతతిని అక్కడ నెల్లూరు పేరుతోనే నెలోర్ అంటారు. ఆ దేశపు మాంసపు మందల్లో పెద్ద వాటా దానిదే. 2023లో ఒక నెలోర్ ఆవు విలువ 40 లక్షల డాలర్లు దాటి రికార్డుకెక్కింది. మేలైన ఆవు నుంచి ఏడాదికి ఒక్క దూడతో సరిపెట్టుకోకుండా, దాని పిండాలను ఏడో రోజున తీసి వేరే ఆవుల గర్భసంచిలో పెడతారు. ఏడో రోజే ఎందుకు? ఆవులో అప్పటికి బ్లాస్టోసిస్ట్ తయారై ఉంటుంది, ఎక్కడా అతుక్కుని ఉండదు. అతుక్కోవడానికి దానికి ఇంకా పది పన్నెండు రోజులు పడుతుంది. అప్పటికి అది జానెడు దారంలా సాగుతుంది. మనిషి పిండానికి అంత ఓపిక లేదు. ఆరో ఏడో రోజునే గర్భసంచి గోడను తొలుచుకుంటూ లోపలికి దిగబడుతుంది. తొలిచేటప్పుడు బయటి కణాలు గోడలు లేకుండా ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, ఎన్నో కేంద్రకాలున్న ఒకే మహాకణంగా మారతాయి. సిన్సీషియోట్రోఫోబ్లాస్ట్ అంటే అదే. మెడికల్ షాపులో కొనే ప్రెగ్నెన్సీ కార్డు మీద రెండో గీత రప్పించే హెచ్‌సీజీ హార్మోన్‌ను తయారుచేసేది ఇదే.

ఆవుకూ మనిషికీ ఉన్న ఈ తేడా ఎంత దూరం వెళ్తుందో జున్నుపాల దగ్గర కనిపిస్తుంది. ఆవు మాయ ఒకే ముద్దగా ఉండదు. గర్భసంచి గోడ మీద ఉన్న బొడిపెలకు గుండీల్లా తగులుకుని ఉంటుంది. తల్లి రక్తానికీ దూడ రక్తానికీ మధ్య పొరలు దాదాపు అన్నీ చెక్కుచెదరకుండా ఉంటాయి. తల్లి ఒంట్లోని యాంటీబాడీలు వాటిని దాటలేవు. దూడ పుట్టేసరికి దానికి రక్షణ ఇంచుమించు సున్నా. అందుకే మొదటి కొన్ని గంటల్లో జున్నుపాలు కడుపునిండా తాగించాలి. ఆ పాలలోని యాంటీబాడీలను దూడ పేగు అరిగించకుండా ఉన్నవున్నట్టు రక్తంలోకి పంపుతుంది. సుమారు ఒక రోజు గడిచాక పేగు ఆ దారి మూసేస్తుంది. ఈనిన రోజు పాలన్నీ జున్నుకే పిండేసి, రెండో రోజు నుంచి దూడకు వదిలితే ఆ దూడ ఎందుకు పారుకుని పోతుందో పాడి చేసే ముసలివాళ్ళకు తెలుసు. వాళ్ళకు ఆ సంగతి చూసి తెలిసింది. విద్యార్థికి పొరల లెక్క వల్ల తెలుస్తుంది.

మనిషి మాయలో తల్లి రక్తం నేరుగా ఆ మహాకణాన్ని తడుపుతుంది. దాని లోపలి చిన్న సంచుల్లో ఉండే ఒక రిసెప్టర్ ఐజీజీ రకం యాంటీబాడీలను ఏరి పట్టుకుని బిడ్డ వైపు దాటిస్తుంది. ఐజీఎం రకానికి అలాంటి రిసెప్టర్ లేదు, సైజు కూడా పెద్దది, అది దాటదు. ఇంత చిన్న విషయం మీద ఎన్ని ఆధారపడి ఉన్నాయో చూడండి. గర్భిణికి పీహెచ్‌సీలో వేసే టీడీ సూది బిడ్డను ధనుర్వాతం నుంచి కాపాడేది ఈ దారినే. నెగటివ్ గ్రూపు తల్లిలో పుట్టిన యాంటీ-డీ యాంటీబాడీ రెండో బిడ్డ రక్తకణాలను పగలగొట్టేదీ ఈ దారినే. ఈ సరఫరా ఎక్కువగా చివరి మూడు నెలల్లో జరుగుతుంది కాబట్టి ఏడో నెలలో పుట్టిన బిడ్డకు ఇన్ఫెక్షన్ల భయం ఎక్కువ. మన ముర్రుపాలలో ఉండేది ముఖ్యంగా ఐజీఏ. అది రక్తంలోకి వెళ్ళదు, పేగు లోపలి గోడ మీదే కాపలా కాస్తుంది. జున్నుపాలూ ముర్రుపాలూ చూడటానికి ఒకటే, చేసే ఉద్యోగాలు వేరు.

రెండో వారాన్ని ఎక్కువసేపు నానబెట్టాల్సిన పని లేదు. అన్నీ జంటలే. పిండం రెండు పొరలవుతుంది, మాయ కణాలు రెండు రకాలవుతాయి, అటొకటి ఇటొకటి రెండు సంచులు వస్తాయి. వాటిలో యోక్ శాక్‌లో యోక్, అంటే సొన, ఉండదన్నది మాత్రం గుర్తుంచుకోదగ్గది. తీరం వెంట హేచరీల్లో రొయ్య గుడ్డు పగిలి వచ్చిన నాప్లియస్ మొదట్లో మేత ముట్టదు, తన ఒంట్లోని సొన మీదే బతుకుతుంది. మనిషి పిండానికి ఆ అవసరం లేదు, అమ్మ ఉంది. అయినా సంచిని వదులుకోలేదు, వేరే పనికి వాడుకుంది. మొదటి రక్తకణాలు పుట్టేది ఆ సంచి గోడలోనే.

మూడో వారం దగ్గర మాత్రం ఆగాలి. పదిహేనో రోజు ప్రాంతంలో పై పొర మధ్యలో ఒక గాడి పడుతుంది. ప్రిమిటివ్ స్ట్రీక్ అంటారు. అంతవరకూ ఇటుకల్లా అంటుకుని ఉన్న కణాలు ఆ గాడి దగ్గరికి రాగానే ఈ-క్యాడ్‌హెరిన్ పట్టు వదిలేస్తాయి. కింద ఉన్న బేస్‌మెంట్ పొరను కరిగించుకుని, సీసా ఆకారంలోకి మారి, లోపలికి జారి, విడివిడిగా నడుచుకుంటూ వెళ్ళిపోతాయి. ముందు దిగినవి అంతస్త్వచం, తర్వాత దిగినవి మధ్యస్త్వచం, దిగకుండా పైనే ఉండిపోయినవి బహిస్త్వచం. క్లాసులో వాడే మాటల్లో ఎండోడెర్మ్, మీసోడెర్మ్, ఎక్టోడెర్మ్. పట్టు వదిలి నడవడం అనే ఈ విద్యను శరీరం మర్చిపోదు. రొమ్ములోనో పెద్దపేగులోనో పుట్టిన క్యాన్సర్ కణం పక్క అవయవాలకు పాకేటప్పుడు చాలావరకు ఇవే స్విచ్‌లు వేస్తుంది. మొదటి ఏడాది గ్యాస్ట్రులేషన్ పేరుతో చదివిన ఈ నడక రెండో ఏడాది పాథాలజీలో మెటాస్టాసిస్ పేరుతో మళ్ళీ ఎదురవుతుంది.

కణం నడిచి ఎక్కడికి చేరితే అక్కడి పొరుగువాళ్ళు దానికి పని చెబుతారు. ఈ సంగతిని 1924లో జర్మనీలో హాన్స్ స్పీమన్, ఆయన శిష్యురాలు హిల్డే మాంగోల్డ్ నీటిబల్లి పిండాల మీద చూపించారు. ఒక పిండం నుంచి చిన్న ముక్క తీసి ఇంకో పిండం పొట్ట వైపు అతికిస్తే అక్కడ రెండో తల, రెండో వెన్ను పుట్టుకొచ్చాయి. ఆ రెండో నాడీమండలంలో ఎక్కువ భాగం అతికించిన ముక్కది కాదు, ఆతిథ్యం ఇచ్చిన పిండం కణాలదే. పొట్ట చర్మం కావలసిన కణాలు కొత్త పొరుగు మాట విని మెదడయ్యాయి. స్పీమన్‌కు 1935లో నోబెల్ వచ్చింది. ఆ ప్రయోగాలు చేతులారా చేసిన మాంగోల్డ్ 1924లోనే, వంటింట్లో స్టవ్ ప్రమాదంలో చనిపోయింది.

మెదడు, వెన్నుపాము మొదట చదునైన రేకు. రేకులోని కణాలు పై అంచున ఉన్న యాక్టిన్ దారాలను చేతిసంచి మూతి తాడులా బిగిస్తాయి. ప్రతి కణం పైన సన్నబడి కింద వెడల్పవుతుంది, రేకు తనంతట తానే వంగి గొట్టమవుతుంది. 22వ రోజు ప్రాంతంలో మధ్యలో మూత పడటం మొదలై, తల వైపు రంధ్రం సుమారు 25వ రోజుకు, కింది రంధ్రం 28వ రోజుకు మూసుకుంటాయి. తల వైపు మూసుకోకపోతే మెదడు, పుర్రె సరిగా ఏర్పడని అనెన్‌కెఫలీ, కింద మూసుకోకపోతే వెన్ను తెరిచి ఉండిపోయే స్పైనా బిఫిడా. 28వ రోజంటే నెల తప్పి రెండు వారాలు. చాలామందికి అప్పటికి అనుమానమే, ఖాయం కాలేదు.

ఫోలిక్ యాసిడ్ మాత్ర కథ ఇక్కడే ఉంది. గొట్టం మూసుకునే రోజుల్లో కణాలు విపరీతమైన వేగంతో విడిపోతుంటాయి, డీఎన్ఏ తయారీకి ఫోలేట్ కావాలి. ఇంతకుముందు ఇలాంటి బిడ్డ పుట్టిన తల్లులకు గర్భానికి ముందు నుంచే రోజుకు 4 మిల్లీగ్రాములు ఇస్తే మళ్ళీ వచ్చే అవకాశం 72 శాతం తగ్గిందని 1991లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి (ఎంఆర్‌సీ) పరీక్ష తేల్చింది. మామూలుగా అందరికీ 400 మైక్రోగ్రాములు చాలు. అయితే మూడో నెలలో పేరు నమోదు చేయించుకున్నాక మింగే మాత్ర రక్తహీనతకు పనికొస్తుంది గానీ, గొట్టానికి పనికిరాదు. గొట్టం ఎప్పుడో మూసుకుంది, లేదా మూసుకోలేదు. పెళ్ళయిన కొత్తలోనే ఇవ్వాల్సిన మాత్ర కడుపు కనిపించాక ఇస్తున్నారు. ఇది మందుల కొరత కాదు, తేదీ తప్పడం. ఫోలిక్ యాసిడ్‌ను 1940ల్లో ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. అదే బృందం ఫోలేట్‌కు అడ్డుపడే అమినోప్టెరిన్‌నూ తయారుచేసింది. దాన్ని సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్తక్యాన్సర్ మీద వాడి 1948లో ఫలితం చూపించాడు. వేగంగా విడిపోయే క్యాన్సర్ కణాన్ని ఆపే మందు, వేగంగా విడిపోయే పిండాన్నీ ఆపుతుంది. గర్భిణులు వాడినప్పుడు బిడ్డలు వికలాంగులుగా పుట్టారు.

గొట్టం మూసుకునేటప్పుడు దాని అంచుల నుంచి కొన్ని కణాలు విడిపోయి ఊళ్ళమీద పడతాయి. ఇవే న్యూరల్ క్రెస్ట్ కణాలు. చర్మానికి రంగునిచ్చే కణాలు, అడ్రినల్ గ్రంథి మధ్యభాగం, ముఖం ఎముకలు, పంటి లోపలి డెంటిన్, పేగులో నరాల ముడులు, అన్నీ వీటి సంతానమే. పేగుకు వెళ్ళేవాటి ప్రయాణం చాలా పొడుగు. నాలుగో వారంలో మెడ దగ్గర పేగులోకి దిగి, ఏడో వారానికి మలద్వారం దాకా నడవాలి. నడుస్తుండగానే పేగు పొడుగవుతుంటుంది. దారిలో జీడీఎన్‌ఎఫ్ అనే ప్రొటీన్ పిలుస్తుంటే, కణం మీద ఉన్న రెట్ రిసెప్టర్ ఆ పిలుపు వింటుంది. రెట్ జన్యువులో లోపముంటే ఆ కణాలు చివరి మజిలీ చేరవు. పుట్టిన బిడ్డ రెండు రోజులైనా మొదటి నల్లటి విరేచనం చెయ్యదు, పొట్ట ఉబ్బుతుంది. ఎక్స్‌రేలో పైన ఉబ్బిన పేగు, కింద సన్నటి పేగు కనిపిస్తాయి. జబ్బు ఉబ్బిన చోట ఉందనుకుంటారు కొత్తవాళ్ళు. కాదు, సన్నటి ముక్కలోనే నరాలు లేవు. నరాలు లేక అది వదులు కాలేకపోతోంది. హిర్ష్‌స్ప్రంగ్ జబ్బు అంటే నడక మధ్యలో ఆగిపోయిన కణాల జబ్బు.

పంటి దగ్గర ఈ నేల సొంత కథ మొదలవుతుంది. నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్‌ను మన దేశంలో మనుషుల్లో 1937లో వైద్యులు గుర్తించి రాసినప్పుడు ఆ రోగులు అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లావాళ్ళు. కనిగిరి, పొదిలి, దర్శి అప్పట్లో ఆ జిల్లాలోవే. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అటు వెళ్ళాయి. ఆ మెట్ట ఊళ్ళలో బోరునీళ్ళు తాగి పెరిగిన వాళ్ళ ముందు పళ్ళ మీద అడ్డంగా సున్నపు గీతలు, గోధుమరంగు చారలు చూస్తే పరిచయం అక్కర్లేదు.

పంటి మీది ఎనామిల్‌ను కట్టేది ఎక్టోడెర్మ్ నుంచి వచ్చిన అమెలోబ్లాస్ట్ కణం. అది రెండు విడతల్లో పని చేస్తుంది. మొదట ప్రొటీన్‌తో అచ్చు పోస్తుంది. తర్వాత ఎంజైములు వదిలి ఆ ప్రొటీన్‌ను తీసేసి, ఖాళీ అయిన చోటంతా కాల్షియం, ఫాస్ఫేట్ నింపుతుంది. సెంట్రింగ్ కొట్టి స్లాబు పోశాక చెక్కలు తీసేసినట్టు. ఫ్లోరైడ్ ఎక్కువైతే ఈ రెండో విడత కుంటుపడుతుంది. ప్రొటీన్ పూర్తిగా పోదు, ఖనిజం పూర్తిగా నిండదు, ఎనామిల్ లోపల సన్న రంధ్రాలు మిగులుతాయి. వెలుతురు అక్కడ చెదిరి సున్నంలా తెల్లగా కనిపిస్తుంది. గోధుమరంగు మొదటి నుంచీ ఉన్నది కాదు, పన్ను బయటికి వచ్చాక ఆ రంధ్రాల్లోకి ఎక్కేది. పన్ను మొలిచేటప్పుడు అమెలోబ్లాస్ట్‌లు రాలిపోతాయి. మేస్త్రీ ఇల్లు కట్టి ఊరొదిలి వెళ్ళిపోయాక స్లాబులో సందులు పూడ్చేవాడు లేడు. అందుకే ఎముక విరిగితే అతుక్కుంటుంది గానీ ఎనామిల్ మళ్ళీ పుట్టదు.

ఇక్కడా తేదీయే. శాశ్వతమైన పై ముందు పళ్ళ ఎనామిల్ పుట్టిన కొన్ని నెలలకు మొదలై నాలుగైదేళ్ళకు పూర్తవుతుంది. ఆ వయసులో తాగిన నీళ్ళే పంటి మీద రాసుకుని ఉంటాయి. పాతికేళ్ళకు ఉద్యోగానికని ఆ ఊరు వచ్చినవాడు అవే నీళ్ళు తాగితే ఎముకలకు దెబ్బ తగలొచ్చు, పళ్ళ మీద మాత్రం గీతలు పడవు. పాలపళ్ళలో మచ్చలు తక్కువ, ఎందుకంటే వాటి ఎనామిల్‌లో చాలా భాగం కడుపులో ఉండగా, తల్లిపాలు తాగే రోజుల్లో తయారవుతుంది. తల్లి ఎలాంటి నీళ్ళు తాగినా పాలలోకి వచ్చే ఫ్లోరైడ్ చాలా స్వల్పం. భారత ప్రమాణాల ప్రకారం నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా సరే, వేరే దారి లేకపోతే 1.5 దాకా. ప్యూరిఫయర్ డబ్బులు ఇంట్లో ముందుగా ఎవరి గ్లాసుకు ఖర్చు చెయ్యాలన్న ప్రశ్నకు అమెలోబ్లాస్ట్ దగ్గర సూటి జవాబుంది: నడక నేర్చే పిల్లకు.

రెట్ అన్న పేరు ఇంకోచోట కూడా వస్తుంది. ఐదో వారంలో మూత్రనాళం మొగ్గను కిడ్నీ కణజాలం లోపలికి పిలిచేది కూడా జీడీఎన్‌ఎఫ్, వినేది రెట్. ఆ పిలుపు అందకపోతే కిడ్నీ ఏర్పడదు. అది తల్లికి ఉమ్మనీరు రూపంలో తెలుస్తుంది. సుమారు నాలుగు నెలలు దాటాక ఉమ్మనీటిలో ఎక్కువ భాగం బిడ్డ పోసే మూత్రమే, బిడ్డ దాన్నే మళ్ళీ మింగుతుంది. పొయ్యకపోతే నీరు తగ్గుతుంది, మింగలేకపోతే పెరుగుతుంది. ఉమ్మనీరు తక్కువుందని రిపోర్టు రాగానే నీళ్ళు బాగా తాగమ్మా అని పంపించేస్తే కొందరి విషయంలో సరిపోతుంది. కొందరి విషయంలో అడగాల్సింది బిడ్డ కిడ్నీల గురించి.

బాతుల మందలు కోసిన వరిమళ్ళలో మేస్తుంటే వాటి కాళ్ళు గమనించే విద్యార్థులు తక్కువ. కోడి వేళ్ళు విడివిడిగా ఉంటాయి, బాతు వేళ్ళ మధ్య పొర ఉంటుంది. రెండింటికీ మొదట తెడ్డులాంటి కాలే. కోడిలో వేళ్ళ మధ్య కణాలకు బీఎంపీ అనే ప్రొటీన్ సంకేతం చావమని చెబుతుంది. బాతులో గ్రెమ్లిన్ అనే ప్రొటీన్ ఆ సంకేతాన్ని అడ్డుకుంటుంది. మన చేతివేళ్ళు విడిపడిందీ, కోడి మాదిరే, ఎనిమిదో వారం లోపు మధ్య కణాలు చచ్చిపోబట్టే.

ఐదో నెలలో టిఫా స్కాన్ టేబుల్ మీద పడుకున్న తల్లి కడుపులో ఉన్నది ఆడపిల్లయితే (స్కాన్ చేసేవాళ్ళు చెప్పరు, 1994 నాటి చట్టం ప్రకారం చెప్పకూడదు కూడా) ఆ పిల్ల అండాశయాల్లో అప్పటికి 60, 70 లక్షల అండకణాలు ఉంటాయి. అంతకు మించి ఎప్పటికీ ఉండవు. పుట్టేసరికి పది ఇరవై లక్షలకు తగ్గుతాయి. ఆ మిగిలినవన్నీ మియోసిస్, అంటే క్రోమోజోములను సగానికి తగ్గించే విభజన, మొదలుపెట్టి మధ్యలో ఆగి ఉంటాయి, క్రోమోజోములు జతలుగా కోహెసిన్ అనే ప్రొటీన్ కట్లతో పట్టి ఉంచినట్టు. అంటే ఈ రోజు పుట్టిన ఏ బిడ్డకైనా సగం వంతు తెచ్చిన అండం అమ్మమ్మ కడుపులో తయారైంది. ఆ కట్లు మళ్ళీ కొత్తగా వెయ్యబడవు. అమ్మకు 22 ఏళ్ళయితే కట్ల వయసు అంతకు కొన్ని నెలలు ఎక్కువ, 40 అయితే 40 దాటినట్టే. పాతబడిన కట్టు జారితే 21వ క్రోమోజోము ఒకటి అదనంగా అండంలో ఉండిపోతుంది; డౌన్ సిండ్రోమ్ అంటే అదే. కణవిభజన పాఠంలో ప్రోఫేజ్ 1 అని ఒక్క ముక్కలో దాటేసే దశ ఇదే.